సోని ఏడుపు నేర్చిన ఏడాది

సోనికి ఏడవడం రాదని తండాలో చిన్నప్పటి నుంచే పేరుంది. ఏన్కూరు దాటి అడవి దారిన లోపలికి పోతే వచ్చే ఆ లంబాడా తండాలో ఏడవడం రాకపోవడమంటే చిన్న లోపం కాదు. వంట రాకపోతే అత్త తిట్టో కొట్టో నేర్పుకుంటుంది. ఏడుపు మాత్రం పుట్టింట్లోనే నేర్చుకుని పోవాలి. పెళ్ళినాడు ఆడపిల్ల తల్లిని, తండ్రిని, అన్నదమ్ముల్ని, వరసైన ప్రతివాళ్ళనీ ఒక్కొక్కరినే కావలించుకుని, రాగం తీసి, మాట కట్టి ఏడవాలి. దాన్నే ఢావలో అంటారు. ఆ పూట పిల్ల ఎట్లా ఏడ్చిందో పది తండాలు చెప్పుకుంటాయి. బాగా ఏడ్చిన పిల్ల తల్లి కొన్నాళ్ళు తలెత్తుకు తిరుగుతుంది. నీళ్ళు నమిలిన పిల్లకు మూగది అని పేరు పడితే, దానికి పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయినా ఆ పేరు పోదు.

సోని నాయనమ్మ చాంది ఈ విద్యలో చుట్టుపక్కల తండాలన్నిటికీ పెద్ద. పెళ్ళి కుదిరిన పిల్లల్ని తెచ్చి ఆమె ముందు కూర్చోబెట్టేవాళ్ళు. ముసల్దానికి గర్వం కూడా అంతే. "నా పెండ్లినాడు నేను ఏడుస్తుంటే ఎడ్లు గూడ మేత మానినయ్" అని చెప్పుకునేది. ఎడ్లను అడిగి తెలుసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అంతటి మనిషికి మనవరాలు ఇట్లా పుట్టింది. చెట్టు మీది నుంచి పడి మోచెయ్యి విరిగినా సోని కిక్కురుమనలేదు. ఎక్కడో పాల్వంచ అవతల ఇచ్చిన మేనత్త ఏడాదికోసారి వచ్చి, ఆచారం కొద్దీ మెడ చుట్టూ చేతులేసి రాగం తీస్తే, ఈ పిల్ల గుంజలాగా నిలబడి ఆమె భుజం మీదుగా ఎటో చూసేది.

"ఈ ఛోరీ పెండ్లినాడు నా పరువు తీస్తది" అని చాంది నెత్తి కొట్టుకునేది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ భాషే. మనకు తెలియడం కోసం తెలుగు చేసి చెప్పుకుంటున్నాం, అంతే.

తండ్రి రూప్లా సోనిని బడిలో ఆలస్యంగా వేశాడు. అందుకని ఇంటర్ రెండో ఏడుకు వచ్చేసరికే పందొమ్మిదేళ్ళు నిండాయి. చదివేది దమ్మపేట వైపు అడవి అంచున ఉన్న ఆడపిల్లల గురుకుల కాలేజీలో. రెండువేల ఆరో సంవత్సరం. ఆ ఏడే పద్మప్రియ అనే కొత్త తెలుగు మేడమ్ వచ్చింది. మధిర వైపు మనిషి. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతు కుటుంబం. సన్నగా, చురుగ్గా, పుస్తకం ముట్టుకుంటే చాలు ప్రపంచాన్ని మరిచిపోయేట్టు ఉండేది. సిలబస్ పాఠాలు అయ్యాక, ఇష్టమున్న పిల్లలకు సాయంత్రం పూట వేరే సాహిత్యం క్లాసు మొదలుపెట్టింది. పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా రాని పాఠాలు! పిల్లలు దానికి 'పెద్ద తెలుగు' అని పేరు పెట్టారు. చిన్న తెలుగుతో మార్కులొస్తాయి, పెద్ద తెలుగుతో తలనొప్పి వస్తుంది అని నవ్వుకునేవాళ్ళు.

సోని అందులో చేరింది సాహిత్యం మీద మోజుతో కాదు. చేరనివాళ్ళు ఆ గంటలో కూరగాయల మడిలో కలుపు తీయాలి. కలుపు ఇంటి దగ్గర తీసిందే చాలనిపించి చేరింది.

మొదట్లో ఆ క్లాసు ఆమెకు ఒళ్ళు మంట. మేడమ్ ఏ పద్యం చదివినా అవే మూడు ప్రశ్నలు వేసేది. ఈ మాట అంటున్నదెవరు? ఎవరితో? ఇప్పుడే ఎందుకు? పాటంటే పాడుకోవాలి గాని, పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టు దాన్ని ఈ ప్రశ్నలేంది అనుకునేది సోని. మిగతా పిల్లలు ఏదో ఒకటి చెప్పి గండం గట్టెక్కేవాళ్ళు. ఈమెకు ఏదో ఒకటి చెప్పడం చేతకాదు. తల వంచుకుని కూర్చునేది.

ఒక సాయంత్రం మేడమ్ ఎవరో ముసలమ్మ దగ్గర రాసుకున్న జోలపాట తెచ్చింది. పాట నిండా బంగారు ఊయల, వెండి గొలుసు, పట్టు పక్క. ఏ తల్లి పాడినా అవే ఉంటాయి. చివరలో మాత్రం 'నువ్వు లేస్తే నన్నూ లేపుతారు, పడుకోరా తండ్రీ' అని ఒక్క చరణం ఉంది.

"అందరూ పాడే మాటలు ఎక్కడ ఆగాయి? ఈ తల్లి సొంత మాట ఎక్కడ మొదలైంది? అక్కడ గీత గీయండి" అంది మేడమ్.

సోని ఆ చరణం కింద గీత గీసి, చాలాసేపు దానినే చూస్తూ కూర్చుంది. తర్వాత ఎవరూ అడగకుండానే నోరు తెరిచింది. "ఈమె పిల్లగానికి చెప్తలేదు మేడమ్. వానికేం సమజైతది? అవతలి అర్రల అత్త ఉంది. ఆమెకు వినపడాల్నని పాడుతుంది. పానం అలిసిపోయిందని సక్కగ చెప్పరాదు గద, అందుకే జోలపాటల పెట్టి చెప్తుంది."

మేడమ్ సోని దగ్గరికి వచ్చి, ఆమె గీసిన గీత మీద వేలు పెట్టి, "ఇదీ చదవడమంటే" అంది.

ఆ మాట సోనికి తలకెక్కింది. ఇంతకాలం ఆమె పాటల్ని గాలిలాగా, ఎండలాగా, ఎవరూ చేయకుండానే ఉన్నవనుకుంది. ప్రతి పాట వెనకా ఒక మనిషి ఉందనీ, ఆ మనిషికి నోరు విడిచి చెప్పలేనిదేదో ఉందనీ, చెప్పనిచ్చే మాటల్లో దాన్ని దాచి పంపుతుందనీ అప్పుడు తెలిసింది. గీత గీయడం పిచ్చిగా పట్టుకుంది. వార్డెన్ తిట్ల కింద, హాస్టల్లో ఆయా పాడే భజన కింద, ఇంటి దగ్గరి నుంచి వచ్చిన కబుర్ల కింద కూడా మనసులో గీతలు గీసేది. ఖమ్మంలో బి.ఏ. చదవాలి, తెలుగే ప్రధానంగా తీసుకోవాలి, ఎప్పటికైనా తానూ ఇట్లా పిల్లల ముందు నిలబడి ఆ మూడు ప్రశ్నలు అడగాలి. ఇంతకు మించి ఆమెకు కోరిక లేదు. దాచి చెప్పినదాన్ని వినేవాళ్ళు ఎప్పుడూ ఉంటారనే ఆమె నమ్మింది. పెద్ద తెలుగు క్లాసులో ఉండేవాళ్ళు మరి.

దసరా సెలవులకు ఇంటికి పోయేసరికి పెళ్ళి ఖాయమైపోయి ఉంది.

పిల్లవాడి పేరు జగదీష్. రూప్లా స్నేహితుడు భద్రు కొడుకు. కొత్తగూడెం దగ్గర బొగ్గుబావిలో ఉద్యోగం. తండా మొత్తంలో అట్లాంటి సంబంధం ఎవరికీ రాలేదు. రూప్లా ఆ సంబరంలో నేల మీద నడవడం లేదు. జగదీష్ మంచివాడే. తాగడు, వాగడు, తల్లి మాట జవదాటడు. సోనికి అతని మీద కోపమేమీ లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వాడు దుర్మార్గుడైతే వద్దనడానికి ఒక కారణమన్నా దొరికేది. "కోడలు ఇంటర్ దాక సదివింది సాలు, ఇంట్ల మనిషి గావాలె" అని భద్రు ముందే చెప్పేశాడు. రూప్లా తల ఊపేశాడు.

తన పెళ్ళి గురించి ఆడపిల్ల తండ్రితో నోరు తెరిచి మాట్లాడటం ఆ తండాలో లేదు. సోని తల్లిని పట్టుకుంది. లంబాడీలో తల్లి యాడీ, తండ్రి బా. మంగ్లి అప్పుడు పత్తి ఏరి వచ్చి, గడపలో కూర్చుని ఒడి దులుపుకుంటోంది.

"యాడీ, నేను ఖమ్మంల చదువుకుంట. ఇప్పుడే పెండ్లి వద్దని బాకు చెప్పు."

మంగ్లి కూతురి మొహం వంక చూడనైనా చూడలేదు. లేచి, బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. తిరిగి వచ్చాక ఆ మాట ఎత్తలేదు. మర్నాడు సోని మళ్ళీ అడగబోతే, పొయ్యిలో కట్టెలు లేవని అడవికి పోయింది. తల్లికి తన మీద ప్రేమ లేదనుకుంది సోని. ఆ కోపం పెళ్ళిదాకా కడుపులో పెట్టుకుంది.

కాలేజీకి తిరిగి వచ్చి మేడమ్‌కు చెప్పింది. ఈమెకన్నా అర్థమవుతుందని కొండంత ఆశ.

"మేడమ్, నా పెండ్లి ఖాయం జేసిండ్రు. పరీక్షలైనంకనే. ఎండకాలం ఇంటికి పోంగనే మా దాది నాకు ఏడ్సుడు నేర్పిస్తది."

"ఏడవడం నేర్పిస్తారా?" పద్మప్రియ చేతిలో పుస్తకం పక్కన పెట్టేసింది. "అంటే, పాటలోనా? మాటలు ముందే ఉంటాయా, అప్పటికప్పుడు కట్టుకోవాలా? తండ్రికి వేరుగా, తల్లికి వేరుగా ఉంటాయా?"

అడిగినవాటికల్లా సోని జవాబు చెప్పింది. చెబుతున్నకొద్దీ మేడమ్ మొహం వెలిగిపోయింది. ఇట్లాంటిది తమ వైపు ఎప్పుడో పోయిందనీ, ఇంకా బతికున్నందుకు ఎంత అదృష్టమో అనీ పొంగిపోయింది. ఆ పొంగు తగ్గేదాకా ఆగి, సోని అసలు సంగతి అడిగింది.

"మా నాయనతోని మీరు ఒక్క మాట చెప్పుర్రి మేడమ్. నేను చదువుకుంట."

మేడమ్ మొహం చిన్నబోయింది. "నేను బయటిదాన్ని సోనీ. మీ పెద్దవాళ్ళు, మీ ఆచారాలు. నేను వచ్చి తలదూరిస్తే ఏం బాగుంటుంది చెప్పు? పెళ్ళయ్యాక కూడా చదువుకోవచ్చుగా." పుస్తకం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆ పాటలు మాత్రం వదలకు. పెళ్ళికి నన్ను తప్పకుండా పిలువు, రికార్డు చేసుకుంటాను" అంది.

మంచి మనిషే పాపం. మంచితనమంతా పాటకు ఖర్చయిపోయింది, పిల్లకంటూ ఏమీ మిగల్లేదు.

పరీక్షలు దగ్గరికొస్తుంటే మిగతా పిల్లలు ఎప్పుడవుతాయిరా దేవుడా అని లెక్కపెట్టుకున్నారు. సోని అవి ఎప్పటికీ కాకూడదని మొక్కుకుంది. పెద్ద తెలుగు క్లాసులో కూర్చుంటే ముందులాగే వేలు గీత దగ్గరికి పోయేది. పోయి ఏం లాభం? ఎవరో చచ్చి మట్టిలో కలిసినవాళ్ళ బాధలన్నీ ఆ గదిలో అందరికీ అర్థమవుతున్నాయి. ఎదురుగా బల్ల మీద కూర్చున్నదాని బాధ మాత్రం ఎవరికీ పట్టలేదు. చదువు తనకు కళ్ళిచ్చి కాళ్ళు కట్టేసిందని ఆమెకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు.

ఎండాకాలం వచ్చింది. తునికాకు కోత మొదలై, తండా ఆడవాళ్ళు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నానికి వచ్చి కట్టలు కట్టేవాళ్ళు. పెళ్ళికూతురని సోనిని పోనివ్వలేదు. ఇల్లు దాటనివ్వలేదు. ఆమెకు చాంది ముందు కూర్చోవడమే పని. మంగ్లి మాత్రం ఆ పాఠం జరిగేటప్పుడు ఒక్కరోజూ ఇంటి పట్టున లేదు. ఆకు కోతకని పోతే పొద్దు వాలాకే వచ్చేది.

ఎన్నో పెళ్ళిళ్ళలో విన్న మాటలే అయినా, చాంది పాఠం మొదటిరోజే సోని ఉలిక్కిపడింది. తండ్రి మెడ పట్టుకుని ఏమనాలో ముసల్ది చెప్పింది. 'బా, నన్ను పంపకు. నీ గొడ్ల కాడ పేడెత్తుకుని బతుకుతా. నీ గడపల చీపురునై పడుంటా. నన్ను ఎవరికో ఎందుకిచ్చినవు? నేను పోను, పోను.'

దసరా నుంచి గొంతులో ఇరుక్కున్న మాట అది. ఆచారమే దాన్ని నోట్లో పెట్టి, అనమని చెబుతోంది!

"దాదీ, నిజంగనే పోనంటే?"

చాంది బోసినోటితో నవ్వింది. "పోనని ఎవరనలేదే? నేను గూడ అన్న. రాగం మర్సిపోకు, అది ముఖ్యం."

ఆ రాత్రంతా సోని మూడు ప్రశ్నలూ వేసుకుంది. అంటున్నదెవరు? నేను. ఎవరితో? బాతో. ఇప్పుడే ఎందుకు? ఆ పూట దాటితే ఇక అనడానికి వీల్లేదు కాబట్టి. అందరు పిల్లలూ అవే మాటలు పాడి పాడి, తండ్రుల చెవులకు అవి మైకుసెట్టు పాటల్లాగా అయిపోయాయి. అందరి మాటలూ ఆపి, తన సొంత మాట మొదలుపెట్టాలి. రాగం ఆపెయ్యాలి. ఖమ్మం పేరు ఎత్తాలి. ఏ ఢావలోలోనూ ఖమ్మం లేదు, కాలేజీ లేదు. అది వినపడగానే బా ఉలిక్కిపడతాడు. బా తనను ప్రాణంగా చూసుకుంటాడు, వింటే కాదనడు. ఈ ఉపాయం దొరికాక సోని మనసు కుదుటపడింది. బుద్ధిగా చాంది చెప్పినవన్నీ నేర్చుకుంది. ముసల్ది మురిసిపోయింది.

పెళ్ళినాడు పందిరి కిక్కిరిసింది. పద్మప్రియ మేడమ్ మాట నిలబెట్టుకుని వచ్చి, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో చిన్న టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాటలు తెలుగులో చెప్పడానికి పక్కన భాను ఉంది. భాను సోని చిన్నాన్న కూతురు, ఖమ్మంలో నర్సు ట్రైనింగ్ చేస్తోంది.

అప్పగింతల వేళయింది. సోని మేనత్తను పట్టుకుని పాడింది, అన్న హరిలాల్‌ను పట్టుకుని పాడింది. పిల్ల బాగానే పాడుతోందే అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. తర్వాత రూప్లా వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని, అప్పటికే కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉన్నాడు.

సోని తండ్రి మెడ చుట్టూ చేతులేసింది. గడప, గొడ్లు, చీపురు అన్నీ రాగంలో చెప్పింది. అక్కడ ఆపింది. రాగం విడిచిపెట్టి, మామూలు గొంతుతో, చెవిలో పడేట్టు చెప్పింది.

"బా, ఇది పాట కాదు. నేను నిజంగ చెప్తున్న. ఈ పెండ్లి నాకొద్దు. నేను ఖమ్మం కాలేజీల చదువుకుంట. మేడమ్ తీరు పాఠం చెప్త. నన్ను పంపకు బా. నీ కాళ్ళు మొక్కుత."

చెబుతుంటే ఆమెకు ఏడుపు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కడుపులో నుంచి, ఒళ్ళంతా కుదిపేస్తూ వచ్చింది.

అంతలోనే చాంది చప్పట్లు చరిచింది. "సూసిండ్రా! నా మనుమరాలు! రాగం ఇడిసిపెట్టి ఎట్ల ఏడ్సిందో! ఖమ్మం గూడ పెట్టింది, కాలేజీ గూడ పెట్టింది! గిట్ల నేను గూడ కట్టలే!"

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గొల్లుమని ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. ఇట్లాంటి ఢావలో వినలేదని ముక్కులు చీదుకున్నారు. రూప్లా కూతురి తల గుండెకు అదుముకుని, వెక్కిళ్ళ మధ్య భద్రు వైపు తిరిగి, "సదివిన పిల్ల ఏడుపు గిట్లుంటది బావా" అన్నాడు. గొంతు నిండా గర్వం. "ఏడువు బిడ్డా, తనివితీర ఏడువు."

"బా, నేను..." అని సోని మళ్ళీ మొదలుపెట్టింది. ఆడవాళ్ళ ఏడుపులో ఆ మాట కలిసిపోయింది.

కుర్చీలో మేడమ్ కూడా కళ్ళు ఒత్తుకుంటోంది. "ఏమంది, ఏమంది?" అని భానును కుదిపింది. భాను తడబడింది. "పెండ్లి వద్దంటుంది మేడమ్. ఖమ్మంల చదువుకుంటదంట."

"అవును, ప్రతి పెళ్ళికూతురూ వెళ్ళనంటుందిగా, తనే చెప్పింది నాకు. దాంట్లో తన కాలేజీని ఎంత చక్కగా కలుపుకుందో చూడు!" అని పద్మప్రియ టేపు తిరుగుతోందో లేదో వంగి చూసుకుంది.

ఆ మాటలు సోనికి వినిపించాయి. ఇదీ చదవడమంటే అని తన గీత మీద వేలు పెట్టి చెప్పిన మనిషే ఆమె. సోనికి ఇంక ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలో తోచలేదు. మేడమ్ దగ్గరా దాది దగ్గరా నేర్చుకున్న రెండు చదువులూ అయిపోయాయి.

చివరి వంతు తల్లిది. అప్పటికే బయట ఎద్దును తెచ్చి నిలబెట్టారు. పెళ్ళికూతురు దాని మీద నిలబడి, పుట్టింటికి దండం పెట్టి, తర్వాత జీపెక్కాలి. మంగ్లి జనంలో నుంచి మెల్లగా వచ్చి కూతుర్ని కావలించుకుంది. సోని పాడకుండా తల్లి భుజం మీద గడ్డం ఆనించి ఊరికే నిలబడింది.

మంగ్లి కూడా పాడలేదు. కూతురి చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా అంది. "ఇన్న బిడ్డా. మీ బా కాడ నువ్వు పాడలే. నాకెరికే."

సోని ఉలిక్కిపడి తల వెనక్కి తీయబోయింది. తల్లి చేతులు కదలనివ్వలేదు.

"నేను గూడ పాడలే ఆనాడు. మా నాయన మెడ పట్టుకొని నేను గూడ రాగం బంద్ జేసిన. నిజంగనే వద్దన్న. అందరు మెచ్చుకుండ్రు. మీ దాది అది జూసే నేను మంచి కోడలినైతనన్నది."

"మరి నువ్వన్న చెప్పు యాడీ" అంది సోని. "గట్టిగ చెప్పు. నువ్వు చెప్తే ఇంటరు."

మంగ్లి తల ఎత్తింది. ఎదురుగా రూప్లా ఉన్నాడు, భద్రు ఉన్నాడు, జగదీష్ తలపాగా సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. చాంది ముందుకు వంగి కోడలి నోటి వంక ఆశగా చూస్తోంది. మేడమ్ రికార్డరు పైకెత్తి పట్టుకుంది. అంతమందీ మంగ్లి ఏమంటుందా అని ఎదురుచూస్తున్నారు. కూతురి వీపు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

మంగ్లి నోరు తెరిచింది. తల్లులు పాడే రాగాన్ని, తల్లులు పాడే మాటలతోనే, గట్టిగా ఎత్తుకుంది. ఆడవాళ్ళంతా ఆమెతో గొంతు కలిపి, సోనిని ఎద్దు దగ్గరికి నడిపించుకుపోయారు.